పెరటి కోడికి రక్షణ – అడవి జీవికి అభయం

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు – కడప: వర్షాధార వ్యవసాయమే ప్రధాన జీవనాధారంగా గల రాయలసీమ పల్లెలలో పెరటి కోళ్ళ పెంపకానికి విశిష్ట స్థానం ఉంది. సాలీనా సగటున 650 నుంచి 700 మిల్లీమీటర్ల మేరకే వర్షం కురిసే ఈ ప్రాంతంలో వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరాలు అరుదు కాదు. అటువంటి సమయంలో పిల్లల పుస్తకాలకు, వైద్యానికి, పండుగ ఖర్చులకు అక్కరకు వచ్చేది ఇంటి ఇల్లాలు పెంచుకొన్న పది కోళ్ళే. సెంటు భూమి లేని కుటుంబం సైతం పెంచుకోగలిగిన పశుసంపద ఇది. అందుచేతనే ముంగిస నాలుగు కోళ్ళను చంపిపోయిన ఇంట కలిగే ఆవేదనను చిన్నదిగా చూడరాదు. ఆ ఆవేదనలోనే కొందరు విషపు ఎరలను, ఉచ్చులను ఆశ్రయించడం, వాటి వలన అరుదైన వన్యప్రాణులతోపాటు పెంపుడు జంతువులు, ఒక్కోసారి మనుషులు కూడా ప్రమాదంలో పడడం మరింత విచారకరం. కోడిని కాపాడుకోవడానికి అడవి జీవిని చంపనవసరం లేదని, సరైన గూడు, సకాలంలో టీకా, తొలి వారాలలో జాగ్రత్త ఉంటే రెండింటినీ రక్షించుకోవచ్చని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెరటి కోళ్ళ ప్రాధాన్యం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం కోళ్ళు తదితర పెంపుడు పక్షుల సంఖ్య 85.18 కోట్లు కాగా, వాటిలో పెరటి పక్షులు 31.70 కోట్లు. 2012 నాటి గణనతో పోల్చితే పెరటి పక్షుల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. ఫారం కోళ్ళ పరిశ్రమ ఎంతగా విస్తరించినప్పటికీ పెరటి కోడి తన స్థానాన్ని నిలుపుకొన్నదనడానికి ఇదే నిదర్శనం.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దేశవాళీ జాతులలో అసీల్, కాళహస్తి, ఘాగస్ ముఖ్యమైనవి. సాధారణ నాటు కోడి ఏడాదికి మూడు నాలుగు విడతలుగా 50 నుంచి 70 గుడ్లు మాత్రమే పెడుతుంది. అయితే తానే గుడ్లు పొదిగి, పిల్లలను వెంట తిప్పుకొని, గద్ద నీడ పడగానే హెచ్చరించి పొదల కిందికి చేర్చే నేర్పు దానికి పుట్టుకతో వచ్చినది. అధిక ఉత్పత్తి కోరే కుటుంబాల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. రంగురంగుల ఈకల వలన ఇవి పెరటి పరిసరాలలో కలిసిపోయి గద్దల కంట సులభంగా పడవు. గ్రామప్రియ నాటు కోడి కంటే రెండింతలకు పైగా గుడ్లు పెడుతుంది. వనరాజా బరువులో మిన్న. అయితే బరువైన కోడి చురుకుగా ఎగిరి తప్పించుకోలేదు. ఈ మెరుగుపరచిన రకాలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లను నాటు కోడి కింద పొదగ వేయవలసి ఉంటుంది. కనుక అడవి అంచున ఉన్న గ్రామాలలో నాటు కోళ్ళను పూర్తిగా వదులుకోకుండా, వాటితోపాటు కొద్ది సంఖ్యలో మెరుగుపరచిన రకాలను పెంచడం శ్రేయస్కరం.

మన పొరుగున ఉన్న అరుదైన జీవులు

కర్నూలు, నంద్యాల, వై.ఎస్.ఆర్. కడప జిల్లాల మెట్ట భూములు, ముళ్ళ పొదల అడవులు పైకి బీడుగా కనిపించినా జీవ వైవిధ్యంలో సంపన్నమైనవి. ఇందుకు కలివికోడి చక్కని ఉదాహరణ. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనిపించకపోవడంతో అంతరించిపోయినదని భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప జిల్లా సిద్దవటం ప్రాంతంలో దీని ఉనికిని తిరిగి లోకానికి చాటారు. ఆ పక్షిని మొదట పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. గ్రామీణుల అడవి పరిజ్ఞానం ఎంత విలువైనదో ఈ ఘటన నిరూపించింది. తదనంతరం 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. ఈ పక్షి ఆవాసాన్ని దృష్టిలో ఉంచుకొని తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చవలసి వచ్చింది.

అదే 1988లో నందికొట్కూరు సమీపాన, నేటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పక్షి రక్షణకై రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పాటైంది. 6.14 చదరపు కిలోమీటర్ల ఈ పచ్చిక మైదానంలో కృష్ణజింకలు, తోడేళ్ళు, గుంటనక్కలు కూడా ఆశ్రయం పొందాయి. కలివికోడి, బట్టమేక రెండూ అంతర్జాతీయంగా తీవ్ర ప్రమాదపుటంచున ఉన్న జీవులుగా గుర్తింపు పొందినవే. రెండూ నేలపై తిరిగే పక్షులే. బట్టమేక సాధారణంగా ఒకే ఒక గుడ్డును నేలమీద పెడుతుంది. నేలపై అమర్చిన ఉచ్చు, నేలపై చల్లిన విషపు గింజ ముంగిసకో నక్కకో ఉద్దేశించినదైనా, వాటిని గుర్తించలేని ఇటువంటి పక్షులు కూడా బలి అయ్యే ప్రమాదం ఉంది.

నష్టానికి అసలు కారణాలు

కోడి కనబడకపోయిన ప్రతిసారీ నేరం అడవి జంతువుపై మోపడం పరిపాటి. వాస్తవానికి పెరటి కోళ్ళ మూకుమ్మడి మరణాలకు ప్రధాన కారణం కొక్కెర తెగులు. టీకా వేయించని మందలో ఈ తెగులు ప్రవేశిస్తే కొద్ది రోజులలోనే గూడు ఖాళీ కావచ్చు. రోగంతో నీరసించిన కోడి సాయంత్రం గూటికి చేరలేక బయటే ఉండిపోయి కుక్కకో, అడవి పిల్లికో చిక్కుతుంది. అప్పుడు కనిపించేది పిల్లి మాత్రమే, తెగులు కనిపించదు. తొలి ఆరు వారాల వయసులో పిల్లలు చలికి, వర్షానికి, గద్దలకు, కాకులకు బలి కావడం రెండవ కారణం. తలుపు సరిగా లేని గూడు మూడవది. ఈ మూడింటినీ సరిచేసుకొంటే నష్టం చాలావరకు తగ్గుతుంది.

వచ్చినది ఏ జీవి?

నష్టం జరిగిన ఉదయం గూటి పరిసరాలను శ్రద్ధగా పరిశీలిస్తే కారణం తెలుసుకోవచ్చు. పట్టపగలు ఆనవాలు లేకుండా చిన్న పిల్ల మాయమైతే అది సాధారణంగా గద్ద, డేగ లేదా కాకి పని. తల, మెడ భాగాలలో గాట్లతో ఒకటికి మించిన కోళ్ళు గూటిలోనే చచ్చి పడి ఉంటే ముంగిసను అనుమానించవచ్చు. గుడ్లు పెంకుతో సహా మాయమై, కోళ్ళకు గాయాలు లేకుంటే పాము గాని ఉడుము గాని వచ్చి ఉండవచ్చు. చిన్న పిల్లలను కన్నాలలోకి లాగుకొని పోయిన గుర్తులుంటే ఎలుకలు లేదా పందికొక్కులు కారణం. పెద్ద కోడిని ఎత్తుకొనిపోగా ఈకలు వరుసగా పొదల వైపు రాలి ఉంటే అడవి పిల్లి లేదా నక్క వచ్చి ఉంటుంది. అనేక కోళ్ళను చంపి, తినకుండా చెల్లాచెదురుగా వదలివేస్తే అది తరచుగా ఊరకుక్కల పనే. కారణం తెలియకుండా తీసుకొనే చర్య వృథా. గద్ద కోసం వల కట్టి రాత్రి తలుపు తెరిచి ఉంచినందువలన ఉపయోగం లేదు.

ఈ జీవులు చేసే మేలును కూడా రైతులు గుర్తుంచుకోవాలి. ముంగిస పాములను, ఎలుకలను అదుపులో ఉంచుతుంది. జెర్రిపోతు, గుడ్లగూబ, గుంటనక్క పొలంలో ఎలుకలను తిని పంటను కాపాడతాయి. వీటిని నిర్మూలించిన ఊరిలో ఎలుకలు పెరిగి, వాటి వెంట నాగుపాములు ఇళ్ళలోకి వచ్చే అవకాశం ఉంది.

స్థానిక సామగ్రితో భద్రమైన గూడు

కోడి రాత్రివేళ చూపు సరిగా ఆనని పక్షి. కనుక రాత్రి భద్రతయే అసలైన భద్రత. వేపచెట్టు కొమ్మలపై గాని, ఇంటి చూరు కింద గాని కోళ్ళను వదలివేసే అలవాటు మానుకొని, ప్రతి ఇంటా గూడు కట్టుకోవాలి. ఇందుకు అవసరమైన సామగ్రి మన జిల్లాలలోనే సమృద్ధిగా లభిస్తుంది. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళ ముక్కలను నేలపై సందు లేకుండా పరచి గూడు కట్టినట్లయితే ముంగిస, పందికొక్కు నేలను తవ్వి లోనికి రాలేవు. గూటిని నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున నిలిపితే తేమ, పాముల బెడద తగ్గుతుంది. ఒక్కొక్క పెద్ద కోడికి కనీసం ఒక చదరపు అడుగు స్థలం ఉండాలి.

గాలి వచ్చే కంతలకు అర అంగుళం కన్నుల ఇనుప జాలీని బిగించాలి. కోడిపిల్లలను బయటికి పోనీయకుండా ఆపే పెద్ద కన్నుల జాలీ పామును, ముంగిసను ఆపలేదు. పాత చేపల వలలను, నైలాను వలలను గూటి చుట్టూ వేలాడదీయరాదు. పాములు, ఉడుములు, పక్షులు వాటిలో చిక్కుకొని చనిపోతాయి. చిక్కిన పామును విడిపించబోయి మనుషులు కాటుకు గురయ్యే ప్రమాదమూ ఉంది. తలుపుకు గొళ్ళెం తప్పనిసరి. వేసవిలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో గూటి పైకప్పుపై బోద లేదా జొన్న సొప్ప కప్పి, మధ్యాహ్నం నీరు చిలకరించడం మంచిది. నేలపై వేరుశనగ పొట్టు పరచి, తడిసిన వెంటనే మార్చాలి. ప్రతి సాయంత్రం గూటిలోనే గుప్పెడు గింజలు చల్లితే కోళ్ళు చీకటి పడకముందే తమంతట తామే గూటికి చేరే అలవాటు పడతాయి. మర్నాడు బాగా తెల్లవారిన తరువాతనే తలుపు తీయాలి.

తొలి ఆరు వారాలు కీలకం

గుడ్లు పొదగడానికి 21 రోజులు పడుతుంది. ఒక కోడి కింద 10 నుంచి 12 గుడ్లకు మించి ఉంచకపోవడం మంచిది. వేసవిలో గుడ్లను తడి ఇసుక నింపిన కుండపై చల్లగా భద్రపరచి, ఐదారు రోజులలోపే పొదగ వేయాలి. ఏడవ రోజు రాత్రి టార్చిలైటు వెలుగులో చూసి పిల్ల కట్టని గుడ్లను తీసివేయవచ్చు.

పిల్లలు బయటికి వచ్చిన తరువాత మొదటి మూడు నాలుగు వారాలు తల్లితో సహా పెద్ద గంప కింద గాని, పైన కూడా జాలీ ఉన్న చిన్న ఆవరణలో గాని ఉంచాలి. ఆ తరువాత పెరటిలో తిప్పేటప్పుడు పగటి వేళ పిల్లలు దాగడానికి అక్కడక్కడ ముళ్ళ కంప కుప్పలు, కంది కట్టె పందిళ్ళు, పాత మంచాలు ఉంచాలి. గద్ద దిగినప్పుడు తల్లి కూతకు పిల్లలు వెంటనే వీటి కిందికి చేరతాయి. పెరడును పూర్తిగా చదును చేసి ఒక్క పొద కూడా లేకుండా ఊడ్చివేయడం కోడిపిల్లకు మేలు చేయదు. గిన్నీ కోళ్ళను మందలో కలిపి పెంచితే అపరిచిత జంతువు కనబడగానే అవి బిగ్గరగా అరిచి హెచ్చరిస్తాయి.

సహజమైన మేత

పెరటి కోడి తన ఆహారంలో అధిక భాగాన్ని తానే వెదుకుకొంటుంది. పురుగులు, చెదలు, గడ్డి గింజలు, లేత ఆకులు దాని మేత. దీనికి తోడు రోజుకు కొద్దిపాటి జొన్న, సజ్జ, కొర్ర నూకలు ఇస్తే చాలును. పేడ, పాత గడ్డి నింపి తడిపిన కుండను సాయంత్రం చెదల పుట్ట వద్ద బోర్లించి ఉంచితే తెల్లవారే సరికి చెదలు చేరతాయి. మాంసకృత్తులు అధికంగా గల ఈ మేత పిల్లల ఎదుగుదలకు ఎంతో ఉపకరిస్తుంది. గుడ్ల పెంకు గట్టిపడడానికి నత్తగుల్లల పొడి, సున్నపురాయి రవ్వ అందుబాటులో ఉంచాలి.

బూజు పట్టిన వేరుశనగ కాయలను, మొక్కజొన్నను ఎట్టి పరిస్థితులలోనూ కోళ్ళకు వేయరాదు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పురుగుమందు చల్లిన చేలలోకి, మందు పట్టించిన విత్తనాలు నాటిన పొలాలలోకి కోళ్ళను వదలరాదు. మేత గింజలను రాత్రి ఆరుబయట మిగల్చకూడదు. మిగిలిన గింజ ఎలుకను, ఎలుక పామును పిలుస్తాయి.

టీకాల కార్యక్రమం

కొక్కెర తెగులుకు చికిత్స లేదు, టీకాయే రక్ష. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకాను కంటిలో లేదా ముక్కులో ఒక చుక్కగా వేయాలి. 4 వారాల వయసులో దీనిని మరల ఇవ్వాలి. 6వ వారంలో మశూచి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్.2.బి. టీకా ఇంజక్షను ఇప్పించాలి. తదుపరి ఆరు నెలలకొకసారి పశువైద్యుని సలహా మేరకు కొనసాగించాలి.

ఇందులో ఒక ఆచరణాత్మకమైన ఇబ్బంది ఉంది. ఒక్కొక్క టీకా సీసాలో వంద లేదా అంతకు మించిన మోతాదులు ఉంటాయి. ఒక్కొక్క ఇంట ఉండేది పది కోళ్ళే. మందు కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడివేయాలి. కనుక ఒక్క ఇంటికోసం సీసా తెరవడం సాధ్యపడదు. పొదుపు సంఘాల మహిళలు వాడవారీగా ఒక రోజు నిర్ణయించుకొని, ఆ రోజు తెల్లవారుజామున తలుపులు తీయకముందే కోళ్ళన్నింటికీ సామూహికంగా టీకాలు వేయించడమే దీనికి పరిష్కారం. టీకాను ఐసు పెట్టెలోనే తీసుకొనిరావాలి. నల్లమల, శేషాచలం అడవులలో తిరుగుతూ ఊరి అంచులకు వచ్చే అడవికోళ్ళకు కూడా ఈ వ్యాధులు సోకే అవకాశం ఉన్నందున, పెరటి కోడికి వేసిన టీకా పరోక్షంగా అడవి పక్షికి కూడా రక్షణ కల్పిస్తుంది.

విషం, ఉచ్చులు నేరం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షను షెడ్యూళ్ళలో పేర్కొన్న వన్యప్రాణుల వేటను నిషేధించింది. చంపడమే కాక ఉచ్చు పన్నడం, వల వేయడం, విషం పెట్టడం కూడా ఈ చట్టం దృష్టిలో వేటగానే పరిగణింపబడతాయి. ఉడుము మొదటి షెడ్యూలులోని జీవి. 2022 నాటి సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మొదటి షెడ్యూలు జీవుల వేటకు 3 నుంచి 7 సంవత్సరాల జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు.

చట్టం మాట అటుంచినా విషపు ఎర గురి తప్పని ఆయుధం కాదు. పురుగుమందు కలిపిన మాంసపు ముక్కను ముంగిస తినకముందే ఇంటి కుక్క తినవచ్చు. చచ్చిన జంతువును తిన్న గద్ద చావవచ్చు. ఆడుకొనే పసిపిల్లల చేతికి అది చిక్కవచ్చు. కంచెలకు దొంగచాటుగా విద్యుత్తు పారించడం మరింత ఘోరమైన ప్రమాదాలకు దారి తీస్తుంది.

పాముల విషయంలో జాగ్రత్త

గుడ్ల కోసం చీకటిలో గూటిలోకి ఉత్త చేయి పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. ఈ పని ఎక్కువగా చేసేది మహిళలు, పిల్లలే. టార్చిలైటు వేసి, కర్రతో కదిలించి చూసిన తరువాతనే గుడ్లు తీయాలి. గూటిలో పాము కనిపిస్తే దూరంగా ఉండి అటవీ సిబ్బందికి తెలియజేయాలి. కాటు పడినట్లయితే మంత్రాలతో, నాటు మందులతో కాలయాపన చేయక, కాటు పడిన భాగాన్ని కదలనీయకుండా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి. పాము విషానికి విరుగుడు మందు అక్కడే లభిస్తుంది.

బర్డ్ ఫ్లూ – అప్రమత్తత

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతోపాటు కర్నూలు నగరంలో సైతం పక్షులలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కావడం పెరటి పెంపకందారులకు ఒక హెచ్చరిక. చెరువులకు వలస పక్షులు వచ్చే శీతాకాలంలో కోళ్ళను ఆ నీటి అంచులకు వదలరాదు. అకస్మాత్తుగా అనేక కోళ్ళు గాని, కాకులు, కొంగలు వంటి పక్షులు గాని చనిపోతే వాటిని ఉత్త చేతులతో తాకక పశుసంవర్ధక శాఖకు తెలపాలి. సాధారణ సమయాలలో సైతం చచ్చిన కోళ్ళను, కోళ్ళ వ్యర్థాలను ఊరి బయట పారవేయడం తగదు. ఆ వాసనకు చేరిన ఊరకుక్కల గుంపులే తరువాత కోళ్ళపై, జింకలపై, నేలమీది పక్షి గూళ్ళపై పడతాయి. అడవి అంచు గ్రామాలలో కుక్కల కోసం చిరుతపులులు కూడా రావచ్చు. వ్యర్థాలను లోతైన గుంట తీసి, సున్నం చల్లి పూడ్చివేయాలి.

అధికారులు, విలేకరుల పాత్ర

పశుసంవర్ధక, అటవీ, గ్రామీణాభివృద్ధి శాఖల క్షేత్ర సిబ్బంది ఈ విషయంలో కలిసి పని చేయవలసిన అవసరం ఉంది. అభయారణ్యాల సమీప గ్రామాలలో టీకాల రోజునే భద్రమైన గూటి నమూనాను ప్రదర్శించడం, ఉచ్చుల వలన కలిగే అనర్థాలను వివరించడం సులభసాధ్యం. పిల్లల ఉత్పత్తి యూనిట్ల స్థాపనకు ముందుకు వచ్చేవారికి జాతీయ పశుసంపద మిషన్ కింద, కనీసం 1,000 తల్లి కోళ్ళ యూనిట్‌కు 50 శాతం మేరకు, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల మూలధన రాయితీకి 2021-22 నుంచి వీలు కల్పించబడింది. ఇటువంటి యూనిట్లు సమీపంలో ఉంటే పేద మహిళలు టీకా వేసిన ఆరోగ్యవంతమైన పిల్లలను దూరాభారం లేకుండా పొందగలుగుతారు.

విలేకరులు వన్యప్రాణులు ఊళ్ళోకి వచ్చిన వార్తలు రాసేటప్పుడు, నష్టపోయిన కుటుంబం బాధను ఎంత శ్రద్ధగా తెలుపుతారో, నివారణ మార్గాన్ని కూడా అంతే శ్రద్ధగా తెలపడం ఉచితం. గుంటనక్కను తోడేలుగా, అడవి పిల్లిని పులికూనగా పేర్కొనడం వలన ప్రజలలో అనవసర భయాందోళనలు కలుగుతాయి. కలివికోడి వంటి అరుదైన పక్షులు తిరిగే కచ్చితమైన స్థలాలను ప్రచురించకపోవడం వాటికి చేసే మేలు.

ముగింపు

ముళ్ళ పొద ఈ ప్రాంతంలో కోడిపిల్లకు గద్ద నుంచి రక్షణ, కలివికోడికి నివాసం. గ్రామంలో కోడి గూటి తలుపు ప్రతి సాయంత్రం సరిగా మూసుకొంటే, అడవిలో విషపు ఎర పెట్టవలసిన అవసరం ఎవరికీ కలుగదు. నాలుగు నాపరాళ్ళు, మూరెడు ఇనుప జాలీ, ఆరు నెలలకొక టీకా – పేద కుటుంబానికి సైతం అందుబాటులో ఉండే ఈ మూడు జాగ్రత్తలు ఇంటి ఇల్లాలి ఆదాయాన్ని, సీమ అడవుల సంపదను ఏకకాలంలో నిలబెట్టగలవు. ఈ విషయాన్ని ప్రతి గ్రామానికి చేరవేయడంలో అధికార యంత్రాంగం, పత్రికలు చేయి కలపడం ఎంతైనా అవసరం.